చేవెళ్ల మర్రుల కింద రెండు రెక్కల లోకం

రైలు దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయటికి రాగానే చల్లగాలి తగిలింది. దసరా ముందు రోజులు. మా గుడివాడ వైపు ఆ వేళకింకా ఉక్కపోతే. కాలవగట్టు మీద నిలబడితే చెవి దగ్గర దోమల రొద ఆగదు. మెహిదీపట్నం వెళ్ళి చేవెళ్ల బస్సెక్కాలి నేను. అయినా ఆటోను బేగంపేట మీదుగా పోనిమ్మన్నాను. అక్కడ రొనాల్డ్ రాస్ పనిచేసిన పాత భవనం ఉంది. దాన్ని ఒక్కసారి చూడనిదే ఈ ప్రయాణం మొదలుపెట్ట బుద్ధి కాలేదు. 1897 ఆగస్టు 20న ఆయన సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట హుసేన్ ఖాన్‌కి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఇన్నేళ్ళకైనా మనం తల్చుకోవాల్సిన పేర్లలో హుసేన్ ఖాన్‌ది కూడా ఒకటని నా నమ్మకం.

ఈగలను చూడ్డానికి బయల్దేరి దోమతో మొదలుపెట్టానేమిటని అనుకోకండి. దోమ కూడా ఈగల సంతతే. శాస్త్రవేత్తలు డిప్టెరా అనే పెద్ద గుంపులో ఇంటి ఈగ, దోమ, జోరీగ, పండు ఈగ, ఉల్లికోడు అన్నీ ఉన్నాయి. ఈ పేరు అరిస్టాటిల్ నాటి నుంచీ ఉంది. 1758లో లినేయస్ తన వర్గీకరణలో దాన్ని స్థిరపరిచాడు. మిగతా ఎగిరే పురుగుల్లో చాలావాటికి నాలుగు రెక్కలుంటే వీటికి రెండే. ఇంతవరకు పేరు పెట్టినవే లక్షన్నర జాతులకు పైగా ఉన్నాయి. మనిషికి తెలిసిన ప్రతి పది జంతు జాతుల్లో సుమారుగా ఒకటి ఇదే తెగ. మన దేశంలోనే ఆరు వేలకు పైగా నమోదయ్యాయి.

మరి చేవెళ్లే ఎందుకు? ఒక్క బస్సు దారిలో పూలతోటలు, కూరగాయల మళ్ళు, కోళ్ళ షెడ్లు, అడవి, చెరువు, మర్రిచెట్లు అన్నీ దొరికే చోటు మహానగరం పక్కన ఇంకోటి నాకు తెలియదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ల నీటిని కాపాడ్డానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. ఆ జీవో మీద గొడవలు ఎప్పుడూ ఉన్నవే. కానీ ఇక్కడ నేల ఇంకా నేలగా మిగలడానికి అదొక పెద్ద కారణం. నేల మిగిలిన చోట ఈగలు మిగులుతాయి.

అప్పా జంక్షన్ దాటి, అజీజ్‌నగర్ మీదుగా బస్సు మొయినాబాద్ చేరేసరికి రోడ్డు మీద ఆకాశం కనిపించడం మానేసింది. రెండు పక్కల నుంచీ మర్రులు కమ్ముకొచ్చి పైన కలుసుకుంటున్నాయి. బీజాపూర్ పోయే ఈ దారిలో మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసే ముచ్చట వచ్చినప్పుడు వీటి కోసం జనం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. మా కృష్ణా డెల్టాలో రోడ్ల పక్కన నిద్రగన్నేళ్ళు, తుమ్మలు, కొబ్బరిచెట్లు. నీడంటే అక్కడ పలచగా పడేది. ఇక్కడ పొద్దున పదింటికి కూడా ఊడల మధ్య చీకటి.

ఒక టీకొట్టు దగ్గర దిగేశాను. రాలిన మర్రిపండ్లు చెట్టు కింద మెత్తబడి పడున్నాయి. వాటి మీద బియ్యపు నూక అంత ఎర్రకళ్ళ ఈగలు ముసురుకుంటున్నాయి. డ్రోసోఫిలా. ఇంట్లో అరటిపండు మాగితే చేరేది ఇదే. న్యూయార్కులో థామస్ హంట్ మోర్గాన్ 1910లో తెల్లకళ్ళ డ్రోసోఫిలా ఒకదాన్ని పట్టుకుని, వారసత్వ లక్షణాలు క్రోమోజోముల మీదుగా ఎలా దిగుతాయో తేల్చాడు. మన హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనశాలలోనూ సీసాల్లో దీన్ని పెంచి పరిశోధిస్తారు. ఇక్కడ మాత్రం అది ఎవరి కోసమూ ఎదురు చూడకుండా పులిసిన పండు రసం తాగుతోంది.

అప్పుడే ఊడ మీద నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చూడాలనుకున్నది కనిపించింది. సన్నటి ఒళ్ళు, పొడవాటి ఆరు కాళ్ళు, చూడగానే పెద్ద దోమ అనిపించే క్రేన్ ఫ్లై. ఇది కుట్టదు. చెమ్మ నేలలో పిల్లపురుగుగా బతికి, పెద్దయ్యాక కొద్ది రోజులే ఉంటుంది. భూతద్దం పెట్టి వంగాను. రెక్క పుట్టే చోటుకు కాస్త వెనక, ఒక్కో పక్కనా సన్నటి కాడ, కాడ చివర గుండుసూది తలంత బుడిపె. ఈ బుడిపెలే హాల్టియర్లు. కోట్ల ఏళ్ళ కిందట ఇవి వెనక రెక్కలు. ఇప్పుడు ఎగరడానికి పనికిరావు, ఎగిరేటప్పుడు తూకం చెప్పడానికి పనికొస్తాయి. రెక్కలు పైకి లేచినప్పుడు ఇవి కిందికి, రెక్కలు దిగినప్పుడు ఇవి పైకి, అంతే వేగంగా కొట్టుకుంటాయి. ఒళ్ళు ఏ పక్కకు తిరిగినా కాడ మొదట్లో ఒత్తిడి మారుతుంది, అక్కడి నరాలు ఆ సంగతి వెంటనే రెక్కల కండరాలకు చేరవేస్తాయి. ఇవి తీసేస్తే ఈగ ఎగరలేక పడిపోతుందని ఇంగ్లండులో విలియం డెర్హామ్ 18వ శతాబ్ది మొదట్లోనే గమనించాడు. మనం చేయి విసిరేలోపు ఇంటి ఈగ తప్పించుకునే గుట్టులో సగం ఇక్కడే ఉంది. ఇంటి ఈగకు ఈ బుడిపెల మీద చిన్న పొర కప్పి ఉంటుంది, అంత తేలిగ్గా కనబడవు. క్రేన్ ఫ్లై వాటిని దాచుకోదు. మర్రి ఊడ పక్కన నిలబడి, వాటిని అలా కళ్ళారా చూడగలిగినందుకు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

టీ కొట్టాయన గ్లాసు చేతికిచ్చాడు. గ్లాసు అంచున ఇంటి ఈగ వాలి ముందు కాళ్ళు రుద్దుకుంటోంది. దానికి రుచి కాళ్ళతోనూ తెలుస్తుంది. పాదాల మీది వెంట్రుకలకు తీపి తగిలితే చాలు, నోటిగొట్టం కిందికి జారుతుంది. వెంట్రుకల మీద దుమ్ము పడితే రుచి తెలియదు, అందుకే ఆ రుద్దుడు. కొరకడం దానికి రాదు. చక్కెర పలుకు మీద ఉమ్మి వేసి, కరిగించి, పీలుస్తుంది. జబ్బులు అంటించేది ఆ ఉమ్మితో, ఆ కాళ్ళతోనే కాబట్టి గ్లాసు మీద అరచేయి పెట్టి తాగాను.

అక్కడి నుంచి ఒక పూలతోటకు దారి అడిగాను. "సీదా పోయి మర్రి కాడ మళ్ళు అన్నా" అన్నాడు కొట్టాయన. ఏ మర్రి అని అడిగితే "పెద్దది" అన్నాడు. తొమ్మిది వందల మర్రుల దారిలో పెద్దది ఏదో అక్కడివాళ్ళకే తెలుస్తుంది. నేను మళ్ళిన దారి రెండు పాలీహౌస్‌ల మధ్య సందులోకి, ఆ సందు ఒక ఫామ్‌హౌస్ గోడ దాకా, ఆ గోడ వెంబడి నడిస్తే ఎర్రమట్టి బాట మీదికి తీసుకెళ్ళింది. మా ఊళ్ళో దారి తప్పడం కుదరదు. కాలవ పట్టుకు నడిస్తే ఏదో ఒక ఊరు తగుల్తుంది. ఇక్కడ నేల మెట్టపల్లాలుగా లేస్తూ దిగుతూ ఉంటుంది, వెనక్కి తిరిగితే వచ్చిన దారి కనబడదు. ఆ ఎర్రమట్టి బాటే చివరికి నన్ను బంతితోటలో దించింది. అది నేను అడిగిన తోట అవునో కాదో ఇప్పటికీ తెలియదు.

బతుకమ్మకు కోత మొదలైంది. వరసల్లో ఆడవాళ్ళు వంగి పూలు తెంపుతున్నారు. నేను ఒక మొక్క దగ్గర గొంతుకూర్చుని ఉంటే ఒక పెద్దావిడ వచ్చింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? పువ్వులు గావాల్నా?"

"ఈగలను చూస్తున్నానవ్వా."

"ఈగల కోసం గింత దూరమొచ్చినవా? మీ ఊర్ల లేవా?"

ఉన్నాయని చెప్పి భూతద్దం ఆమె చేతికిచ్చాను. బంతిపువ్వు మీద గాలిలో కదలకుండా నిలబడి ఉన్న సిర్ఫిడ్ ఈగను చూపించాను. పసుపు, నలుపు చారలు. తేనెటీగ అనుకుని పిట్టలు, మనుషులు దాని జోలికి పోరు, కానీ దానికి ముల్లే లేదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, పొడవాటి మీసాలు. దీనికి రెండే రెక్కలు, ముఖం మీద పొట్టి మీసాలు, తలంతా కళ్ళే. పక్క పువ్వు మీద ఇంకోటి వాలింది, దాని కళ్ళ మీద చుక్కలున్నాయి. అవ్వ చాలాసేపు చూసింది. "కండ్ల మీద గూడ ముగ్గేసుకున్నది" అని పక్కావిడను పిలిచింది. కాసేపట్లో భూతద్దం వరస చివరి దాకా వెళ్ళి వచ్చింది.

ఆ అవ్వకు నేను చూపించాలనుకున్నది అసలు వేరే. తోట గట్టున అలసంద తీగ లేత కొసకు పేనుబంక పట్టింది. ఆ బంక మధ్యలో కాళ్ళు లేని, తల కనబడని, ఆకుపచ్చటి చిన్న పురుగు. అది ఒక బంకపురుగును పట్టుకుని, గాల్లోకి ఎత్తి, రసం పీల్చేసి, తొక్క పక్కన పడేసింది. మళ్ళీ తడుముకుంటూ ఇంకోదాన్ని అందుకుంది. కళ్ళు లేవు దానికి, తగిలిందల్లా తింటుంది. పువ్వు మీద నిలబడి ఉన్న ఆ చారల ఈగ పిల్లే ఇది. తల్లి పుప్పొడి తిని పువ్వుల్ని కలుపుతుంది, పిల్ల బంకను తింటుంది. ఒక్క పురుగు బతుకులో రెండు కొలువులు. దీన్ని చూడకుండా చేను మీద మందు కొట్టడం నాకు బాధగా ఉంటుంది.

బంతితోట పక్కనే ఒక కుర్రాడి బీరపందిరి. పందిరి కింద ప్లాస్టిక్ డబ్బాలు వేలాడుతున్నాయి, అవి పండు ఈగ బుట్టలు. వాటిలో ఎర కోసం పెట్టే క్యూల్యూర్ బిళ్ళ మగ ఈగలను పిలుస్తుంది. మా నూజివీడు మామిడితోటల్లో మిథైల్ యూజినాల్ పెడతారు, అది మామిడి పండు ఈగకు. ఒకదానికి పెట్టే ఎర ఇంకోదానికి పనిచేయదు. డబ్బా తెరిస్తే గోధుమరంగు ఈగలు, రెక్కల మీద ముదురు మచ్చలు, వీపు మీద పసుపు గీతలు. ఈ బుట్టకు రాని ఆడదానికైతే వెనక సూదికొన. ఆ కొనతో లేత బీరకాయకు పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. 1899లో దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు నమూనాలు హవాయి నుంచి తెచ్చినవి, పురుగు మాత్రం అసలు మన వైపుదే, మనుషుల వెంట కాయలతో పాటు సముద్రాలు దాటింది. జపాన్‌లో ఒకినావా దీవులవాళ్ళు ఈ ఈగలను లక్షలకు లక్షలు పెంచి, వికిరణంతో గొడ్డువి చేసి వదిలి, బయటి ఆడవి పెట్టే గుడ్లు పొదగకుండా చేసి, 1993కల్లా దీన్ని ఆ దీవుల్లో లేకుండా చేశారు.

కుర్రాడు పుచ్చు బీరకాయ ఒకటి విరిచాడు. "గిది సూడన్నా, దుంకుతది" అన్నాడు. అరచేతిలో వేసుకున్న తెల్ల పురుగు ముందు మెల్లగా పాకింది. తర్వాత ఒళ్ళు వంచింది. నోటికొక్కేలతో తన తోకను తానే పట్టుకుని, బిగించి, చటుక్కున వదిలింది. పురుగు అరచేతిలోంచి ఎగిరి జానెడు అవతల పడింది. కాళ్ళు లేవు, ఎముక లేదు, తన ఒంట్లో నీటి బిగువుతోనే దూకింది. బాగా ఎదిగిన పురుగు కాయ వదిలి, నేలలో దూరి, గూడు కట్టుకోవాలి. అందుకే ఈ తొందర. మరి కొన్నిటిని అలాగే చేతిలో వేసుకుని, అవి దూకుతుంటే చూస్తూ కూర్చున్నాం ఇద్దరం. అతనికి అవి నష్టం, ఆ కాయలన్నీ గుంట తీసి పూడ్చేస్తానన్నాడు. చేయవలసిన పని కూడా అదే, పుచ్చు కాయను గట్టున పారేస్తే ఈగ మళ్ళీ పుడుతుంది.

అతని టమాటా ఆకుల మీద తెల్లటి వంకర గీతలు. ఇక్కడి రైతులు పాముపొడ అంటారు. ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య ఒక ఈగ పిల్ల తింటూ నడిచిన బాట అది. గీత సన్నగా మొదలై పోనుపోను లావవుతుంది, పురుగు పెరిగిన కొద్దీ బాట వెడల్పయింది. లిరియోమైజా అనే ఈ ఈగ బయటి దేశాల నుంచి 1990ల మొదట్లో మన దేశానికి చేరింది. హైదరాబాదు చుట్టుపక్కల ఆముదం ఆకుల మీద మొదట్లోనే పసిగట్టారు. పసుపు జిగురు అట్ట మీద దాని పెద్దవి అతుక్కుని ఉన్నాయి. పక్కనే తెల్లదోమలు కూడా. వాటికి నాలుగు రెక్కలు, మన తెగవి కావు.

మధ్యాహ్నం చేవెళ్లలో జొన్నరొట్టె తిన్నాను, నాటుకోడి కూరతో. మా వైపు అన్నంలో గోంగూర కలుపుకుని తినే నోటికి ఈ రొట్టె వేడివేడిగా, పెనం మీది నుంచి నేరుగా విస్తట్లోకి వస్తే, ఇంకో రెండు అడగాలనిపిస్తుంది. వడ్డించే అక్క అడక్కుండానే వేసింది. జొన్నకూ ఒక ఈగ శత్రువు ఉంది, మొవ్వు ఈగ. మొలక లేతగా ఉన్నప్పుడు ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. పిల్ల కిందికి జారి, మొవ్వును కోసి, కుళ్ళిన దాన్ని తింటుంది. నడిమి ఆకు పీకితే ఊడి చేతికొస్తుంది. ఇక్కడికి దగ్గర్లోని పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. వానలు పడగానే, ఆలస్యం లేకుండా, ఊరంతా ఒకేసారి విత్తుకుంటే దాని బెడద తగ్గుతుంది. మా డెల్టా వరికి పట్టే ఉల్లికోడు కూడా ఇలాగే లేత పిలకలోకి దూరుతుంది. పిలక కంకి వేయక గొట్టమైపోతుంది. నీళ్ళ పంటకూ మెట్టపంటకూ రెండు వేరు వేరు ఈగలు, రెండూ ఒకే చోట కొడతాయి.

మొయినాబాద్ తిరిగొచ్చే దారిలో ఒక కోళ్ళ షెడ్డు యజమానిని బతిమాలి లోపలికి వెళ్ళాను. కాళ్ళకు మందునీళ్ళు పోసుకున్నాకే రానిచ్చాడు. పెంట కుప్ప అంచున ముదురు గోధుమరంగు గుళికలు వేలకు వేలు. ఇంటి ఈగ పిల్ల ఎదిగాక తన చివరి తోలునే గట్టిపరుచుకుని గూడు చేసుకుంటుంది, అవే ఇవి. ఒక ఖాళీ గుళిక తీసి చూశాను. కొన మీద గుండ్రంగా కోసిన మూత. లోపలి ఈగ నుదుటి దగ్గర ఒక సంచి ఉబ్బించి ఆ మూతను తోసుకుని బయటికొస్తుంది. వచ్చాక సంచి లోపలికి పోతుంది, జీవితాంతం నుదుటి మీద దాని మడత ఒకటి మిగిలిపోతుంది. పెద్ద ఈగల కుటుంబాలను వేరు చేయడానికి వర్గీకరణవాళ్ళు ఆ మడతను వెతుకుతారు. వేసవిలో గుడ్డు నుంచి ఈగ అవడానికి పది రోజులు చాలు, అందుకే తడి పెంటను వారం దాటి ఉంచకూడదు.

అదే కుప్పలో ఇంకో రకం పిల్లలున్నాయి, వెడల్పు ఒళ్ళు, మట్టిరంగు. బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ ఈగ ఇళ్ళ మీద పడదు, మన కూడు ముట్టదు. దాని పిల్లలు పెంటను, కూరగాయల చెత్తను తినేసి లావవుతాయి. వాటిని ఎండబెట్టి కోళ్ళకూ చేపలకూ మేతగా వేస్తున్నారు. అవి బలంగా ఉన్న చోట ఇంటి ఈగ గుడ్లు పెట్టడం తగ్గుతుంది. ఈ సంగతి చెబితే యజమాని ఆ కుప్పను కదిలించొద్దని పనివాడికి చెప్పాడు.

చిలుకూరు బాలాజీ గుడి దగ్గర మొక్కుకునేవాళ్ళు పదకొండు ప్రదక్షిణాలు, మొక్కు తీరినవాళ్ళు నూట ఎనిమిది చేస్తున్నారు. హుండీ లేని గుడి, చూస్తేనే మనసు తేలికవుతుంది. పక్కనున్న మృగవని పార్కు కంచె రాయి మీద దొంగ ఈగ ఒకటి కూర్చుంది, ముఖం నిండా గడ్డం. ఎగిరిపోతున్న తేనెటీగను గాల్లోనే పట్టి అదే రాయి మీదికి తెచ్చింది. గింజుకునే ఎర కళ్ళలో పొడవకుండా ఆ గడ్డం కాపాడుతుంది. ఎక్కువసేపు నిలబడలేదు, పొద్దు వాలుతోంది.

హిమాయత్ సాగర్ చేరేసరికి సూర్యుడు నీళ్ళ అంచున ఉన్నాడు. 1908 మూసీ వరద హైదరాబాదును ముంచాక ఈసీ నది మీద కట్టి 1927లో ముగించిన చెరువు ఇది. కట్ట మీద పొగ లేచినట్టు ఈగల గుంపు పైకీ కిందికీ ఆడుతోంది. దగ్గరికెళ్తే దోమలనే అనిపిస్తుంది, జనం చేతులు విసురుతూ పరుగెత్తుతున్నారు. ఇవి కైరోనోమిడ్లు, కుట్టడానికి వీటికి నోరే సరిగా లేదు. ఆ ఆడేవన్నీ మగవి, మీసాలు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి, ఆడదాని రెక్కల చప్పుడును అవి ఆ మీసాలతోనే వింటాయి. వీటి పిల్లలు చెరువు అడుగు బురదలో ఉంటాయి, ఎర్రగా, మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ తమ ఒంట్లోనూ ఉండడం వల్ల. గాలి ఆడని బురదలో బతకడానికి అదే ఆధారం. చేపలకు అవి మంచి మేత. నీటి పురుగుల మీద పనిచేసే జూలాజికల్ సర్వే వారి మంచినీటి కేంద్రం ఇక్కడికి దగ్గర్లో అత్తాపూర్‌లోనే ఉంది.

పొడవు మీసాల దోమ, క్రేన్ ఫ్లై, కైరోనోమిడ్, ఉల్లికోడు ఒక వైపు, పొట్టి మీసాల ఇంటి ఈగ, సిర్ఫిడ్, పండు ఈగ, దొంగ ఈగ ఇంకో వైపు అని పాత పుస్తకాలు విడదీశాయి. పొట్టి మీసాలవి పొడవు మీసాల వంశంలోంచే చీలి వచ్చాయని ఇప్పుడు తేలింది. వీటి శిలాజాలు 24 కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. మర్రి ఊడ నుంచి చెరువు కట్ట దాకా ఒక్క పగటిలో నేను చూసిన ఈగలన్నీ ఆ ఒక్క వంశానివే.

మీరు వెళ్ళాలనుకుంటే వానలు తగ్గాక, సంక్రాంతిలోపు వెళ్ళండి. మెహిదీపట్నం నుంచి చేవెళ్లకూ చిలుకూరుకూ బస్సులు ఉంటాయి. పూలతోటలకు పొద్దున, చెరువు కట్టకు సాయంత్రం. నగల కొట్లో వాడే పదింతల భూతద్దం ఒకటి జేబులో ఉంచుకోండి, చేలో అడుగుపెట్టే ముందు రైతును అడగండి. తిరిగొచ్చాక మీ మేడ మీది చిక్కుడు తీగకు పేనుబంక కనిపిస్తే, మందు డబ్బా తీసే ముందు ఆకు తిప్పి చూడండి. కాళ్ళు లేని చిన్న పచ్చపురుగు అందులో కదులుతుంటే ఆ తీగ జోలికి పోకండి, పని అది చేసుకుంటుంది.